పిల్లల పళ్లకు ఏది మేలు: దంతవైద్యుల ఫీజు పెంచడమా, బడికే సేవను పంపడమా?

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద నమోదైన 21 ఏళ్లలోపు వారికి దంత సంరక్షణ అందించడం ప్రతి రాష్ట్రానికీ చట్టం విధించిన బాధ్యత. అయినా చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ ఇచ్చే ఫీజు ప్రైవేటు బీమా ఇచ్చేదానికన్నా బాగా తక్కువ కావడంతో, ఎందరో దంతవైద్యులు ఈ పిల్లలను చేర్చుకోవడం లేదు. 2007లో మేరీలాండ్‌లో పన్నెండేళ్ల బాలుడు పంటి ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. సుమారు 80 డాలర్లతో ఆ పన్ను తీయించి ఉంటే సరిపోయేది. ఇంత అన్యాయాన్ని కాగితం మీది హక్కు ఆపలేకపోయింది.

ఫీజు పెంచితే ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది, కానీ పరిమితంగానే. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పళ్లు శుభ్రపరిచే ఫీజు 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు పెరిగిన చోట దంతవైద్యుడిని చూసిన పిల్లల వాటా సుమారు 4 శాతం పాయింట్లు పెరిగింది. పెంచిన ఫీజు కొత్తగా వచ్చిన పిల్లలకే కాదు, ముందునుంచీ వస్తున్న వారికీ చెల్లించాలి కాబట్టి, అదనంగా వచ్చే ఒక్కో బిడ్డపై పడే ఖర్చు ఎక్కువే. మిషిగన్ 2000లో మొదలుపెట్టిన పథకం మెరుగ్గా పనిచేసింది. అక్కడ ఫీజుతో పాటు బిల్లుల విధానాన్ని కూడా ప్రైవేటు ప్లాన్‌కు దగ్గరగా తెచ్చారు. నా దృష్టిలో బిల్లుల విధానంలో మార్పు ఫీజు పెంపుకన్నా తక్కువేమీ కాదు.

రెండో దారి, దంతవైద్యుడి గది బయట జరిగే సేవకు డబ్బు చెల్లించడం. టీకాల కోసం పసిపిల్లలు ఎలాగూ పిల్లల డాక్టరు దగ్గరికి పదేపదే వెళ్తారు; నార్త్ కరోలినాలో మాదిరిగా ఆ డాక్టరే పళ్లకు పుచ్చు రాకుండా కాపాడే ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూస్తే తల్లి పని మానుకుని మరోచోటికి వెళ్లనక్కర్లేదు. ఆరేళ్ల వయసులో వచ్చే శాశ్వత దవడ పళ్లకు బడిలోనే సీలెంట్ (పంటి గాడులను మూసే పలుచని రక్షణ పూత) వేస్తే, ఆ పళ్లలో వచ్చే పుచ్చులో దాదాపు 80 శాతాన్ని రెండేళ్లపాటు నివారించవచ్చు. అయితే అప్పటికే లోతుగా పుచ్చిన పన్నును సీలెంట్ బాగుచేయదు; ఆ బిడ్డను ఎవరో ఒక దంతవైద్యుడు చేర్చుకోవాల్సిందే.

కాబట్టి నివారణే లక్ష్యమై, నిధులు పరిమితమైతే, ముందుగా ఖర్చు పెట్టాల్సింది రెండో దారి మీదే. ఫీజు పెంపును అన్ని సేవలకూ ఒకేలా పంచకుండా, బడి నుంచి పంపిన పిల్లల చికిత్సకు ఎక్కువగా కేటాయించాలి. బడిలో సీలెంట్ వేయడానికి ముందు దంతవైద్యుడే పరీక్షించి తీరాలన్న నిబంధన ఉన్న రాష్ట్రాలు దానిని వెంటనే సడలించి, శిక్షణ పొందిన డెంటల్ హైజీనిస్టుకు (పళ్లు శుభ్రపరచడం, నివారణ సేవలు చేసే నిపుణురాలికి) ఆ పని అప్పగించి, ఆమె సేవకు మెడికెయిడ్ నేరుగా చెల్లించేలా చూడాలి.