ఆర్డర్లు పోతున్నా నోరు విప్పని ప్లగిన్: కొనేముందు జిప్ తెరిచి చూడండి

వర్డ్‌ప్రెస్ సైటులో వూకామర్స్‌తో ఆన్‌లైన్ షాపు నడుపుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. పేమెంట్ ప్లగిన్‌కు (సైటుకు జోడించుకునే చిన్న ప్రోగ్రాం) డబ్బు కట్టేముందు, తప్పు జరిగితే అది ఎక్కడ రాసిపెడుతుందో అడగండి. నేను అడగలేదు.

మా పిన్ని కాకినాడలో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. సైటు చూసుకునేది నేను. ఏడాదికి 4,000 రూపాయలు కట్టి ఒక యూపీఐ ప్లగిన్ తీసుకున్నాం. సరిగ్గా ఆవకాయ రోజుల్లో, సర్వర్‌లో పీహెచ్‌పీ (సైటు కోడ్ రాసిన భాష) 7.4 నుంచి 8.1కి మారిన మర్నాడే ఫోన్లు మొదలయ్యాయి. "డబ్బులు కట్ అయ్యాయమ్మా, ఆర్డరేమో క్యాన్సిల్ అంటోంది." చూస్తే గేట్‌వేలో, అంటే పేమెంట్లు తీసుకునే కంపెనీ దగ్గర, డబ్బు జమ అయింది. సైటులో మాత్రం ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండి, గంట దాటగానే రద్దవుతోంది. రెండు రోజుల్లో 23 ఆర్డర్లు. పిన్ని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సర్దిచెప్పుకుంది.

ఎర్రర్లు రాసిపెట్టే డీబగ్ లాగ్ ఆన్ చేశాను, ఖాళీ. వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి ఫేటల్ ఎర్రర్ (కోడ్‌ను మధ్యలో ఆపేసే తప్పు) వస్తే అడ్మిన్‌కు మెయిల్ వస్తుంది, అదీ లేదు. అమ్మినవాళ్లకు రాస్తే "ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపండి" అని మూడుసార్లూ అదే జవాబు. కనిపించని ఎర్రర్‌కు స్క్రీన్‌షాట్ ఎక్కడినుంచి తేవాలి?

ఆ రాత్రి కూర్చుని ప్లగిన్ ఫైళ్లు తెరిచాను. మెయిన్ ఫైలు మొదట్లోనే ఎర్రర్ రిపోర్టింగ్‌ను సున్నా చేసేశారు, అంటే ఏ ఎర్రర్‌నూ బయటపెట్టొద్దని. దాంతో ఆ తర్వాత నడిచే మిగతా ప్లగిన్ల ఎర్రర్లు కూడా లాగ్‌కు చేరవు. అంతకన్నా ఘోరం, గేట్‌వే నుంచి వచ్చే కబురును అందుకునే చోట ఉంది. కోడంతా ట్రైలో పెట్టి, తప్పు జరిగితే ఏం చేయాలో రాసే క్యాచ్‌లో రెండు బ్రాకెట్లు తప్ప ఏమీ రాయలేదు. ఏం జరిగినా చివర్లో 200, అంటే అంతా సరే, అని జవాబు పంపుతుంది. కబురు చేరిందనుకుని గేట్‌వే మళ్లీ పంపదు.

ఆ క్యాచ్‌లో లాగ్‌కు రాసే లైను ఒకటి చేర్చి, 10 రూపాయల పేమెంట్ చేశాను. ఎర్రర్ వెంటనే బయటపడింది. కూపన్ వాడని ఆర్డర్‌లో కూపన్ల జాబితా నల్ (అసలు విలువే లేదు), దాని మీద ఎన్నున్నాయో లెక్కపెట్టే కౌంట్ పిలుస్తున్నారు. 7.4లో అది వార్నింగ్‌తో పోయేది, 8.0 నుంచి టైప్ ఎర్రర్ వచ్చి కోడ్ అక్కడే ఆగుతుంది. పీహెచ్‌పీ మార్చాక నేను టెస్ట్ చేసింది కూపన్‌తో, అందుకే పాసయింది. సరిచేయడానికి ఒక్క లైను చాలింది.

గడువు దాటిందని రీఫండ్ ఇవ్వలేదు. అందుకే చెప్తున్నాను, రీఫండ్ గడువు ఉండగానే ప్లగిన్ జిప్ ఫైలు విప్పి ఎర్రర్ రిపోర్టింగ్ అనీ, క్యాచ్ అనీ వెతకండి. కోడ్ రానివాళ్లు తెలిసినవాళ్లకు చూపించండి, పది నిమిషాల పని. వూకామర్స్ స్టేటస్‌లోని లాగ్స్‌లో ప్లగిన్ పేరుతో ఫైలు పడుతుందా అని అమ్మేవాళ్లను అడగండి. పీహెచ్‌పీ మార్పేదైనా ముందు స్టేజింగ్‌లోనే (టెస్టుకు పెట్టుకున్న సైటు కాపీ) చేయండి.

ఇప్పటికే ఇలాంటిది వాడుతుంటే, ఈ రోజే గేట్‌వే లిస్టునూ సైటు ఆర్డర్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.