చర్చి రిజిస్టరా, వీలునామానా? పాత ఇంగ్లండ్ వర్తకుల ఇంట్లో ఆస్తి జాడకు ఏది మేలు

పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండ్ వర్తక కుటుంబాల మీద పని మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఆస్తి ఎటు పోయింది అని తేల్చాలంటే ముందు చర్చి రిజిస్టర్ తియ్యాలా, వీలునామా తియ్యాలా? ఈ మధ్య సర్ థామస్ గ్రెషమ్ ఇంటి లెక్క చూడడానికి కూర్చున్నాను కాబట్టి, ఆ ఇంటినే పెట్టుకుని చెబుతాను. లండన్ రాయల్ ఎక్స్ఛేంజ్ కట్టించిన పట్టు, బట్టల వర్తకుడు ఆయన.

రిజిస్టర్ బలం దాని నిష్పక్షపాతం. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి కింద ఉండే పేట) జ్ఞానస్నానం, పెళ్లి, సమాధి రాయడం మొదలైంది. రాసే పాస్టరుకు ఆ ఇంటి ఆస్తిలో వాటా లేదు, అబద్ధం రాయాల్సిన పని లేదు. తేదీ కావాలంటే దీన్ని మించింది లేదు. 1752కు ముందు అక్కడ అధికారికంగా కొత్త ఏడాది మార్చి 25నే మొదలయ్యేది కాబట్టి, ఫిబ్రవరి 1579 అని ఉంటే మన లెక్కలో అది 1580 అని గుర్తుంచుకుంటే చాలు.

చిక్కల్లా ఇప్పటికి మిగిలిన పుస్తకాలతోనే. తొలి కాగితాలను 1598లో తోలు పత్రాల మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ గద్దెనెక్కిన 1558 నుంచి రాయండి అన్నారు. చాలా చోట్ల అంతకుముందు ఇరవై ఏళ్లు అలాగే పోయాయి. గ్రెషమ్‌ను 1579 డిసెంబర్‌లో సమాధి చేసిన బిషప్స్‌గేట్ సెయింట్ హెలెన్స్ చర్చికి మిగిలిన రిజిస్టర్ 1575 నుంచే మొదలు. ఆయన ఒక్కగానొక్క కొడుకు రిచర్డ్ 1564లోనే పోయాడు, కాబట్టి అందులో కనిపించడు.

పుస్తకం మిగిలినా, పెళ్లి గురించి దొరికేది ఒక్క వరుస: ఇద్దరి పేర్లు, తేదీ. చాలాసార్లు తండ్రి పేరు కూడా ఉండదు. గ్రెషమ్‌కు పెళ్లి బయట పుట్టిన కూతురు ఆన్ 1569లో నథానియల్ బేకన్‌ను చేసుకుంది. ఒక వర్తకుడి కూతురు, రాజముద్ర చూసే పెద్ద అధికారి కొడుకు, అంతే అనిపిస్తుంది. కానీ గ్రెషమ్ భార్య ఆన్ ఫెర్న్‌లీ, నథానియల్ తల్లి జేన్ ఫెర్న్‌లీ తోడబుట్టినవాళ్లు. అంటే ఆ పిల్లను తన భార్య అక్కచెల్లెలి ఇంటికే ఇచ్చాడు. మన వరసల్లో ఇది అన్నాచెల్లెళ్ల వరస, మాటకే రాదు. అక్కడ మాత్రం రెండు ఇళ్లనూ రెండో ముడి వేసి కట్టడం. ఆ ముడి అంతా ఆడవాళ్ల పుట్టింటి పేర్లలో ఉంది, రిజిస్టర్‌లో లేదు.

ఇక వీలునామా. రెండు మూడు డయోసిస్‌లలో (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతం) ఐదు పౌండ్లు, ఆపైన విలువైన సొత్తు ఉన్నవాడి వీలునామా కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కోర్టుకు వెళ్లేది. వ్యాపారమంటే నాలుగు చోట్లా సరుకు, బాకీలు కాబట్టి పెద్ద వర్తకులు ఎక్కువగా అక్కడే దొరుకుతారు. ఆ కోర్టు నకళ్లు 1384 నుంచి 1858 దాకా లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఒక్క వీలునామాలో చెల్లెలు, ఆమె మొగుడు, అతని వృత్తి, మనవలు అందరూ వరసగా కనిపిస్తారు.

ఇక్కడ కూడా రెండు గుంటలున్నాయి. మొదటిది వరసల పేర్లు. మనకు బావ వేరు, మరిది వేరు, సవతి కొడుకు వేరు. ఆనాటి ఇంగ్లిషులో 'సన్ ఇన్ లా' అంటే అల్లుడూ కావచ్చు, భార్య మొదటి భర్త కొడుకూ కావచ్చు. 'కజిన్' అంటే మేనల్లుడు కూడా కావచ్చు. రెండోది మౌనం. పెద్ద కొడుకుకు ఇరవై షిల్లింగులే రాస్తే తండ్రి వెళ్లగొట్టాడనుకోకండి. అతనికి భూమి పెళ్లినాటి ఒప్పందంలోనే వచ్చి ఉండవచ్చు, లేదా చట్టం ప్రకారం వస్తుంది. వీలునామా మిగిలినవాటినే పంచుతుంది.

అయినా నా మొగ్గు వీలునామాకే, అందులోనూ విధవరాలి వీలునామాకు. మొగుడు బతికుండగా అతని ఒప్పుదల లేకుండా ఆమె వీలునామా రాయలేదు. విధవరాలయ్యాకే ఆమె మాట కాగితం మీదికి వస్తుంది. అప్పుడు ఇద్దరు ముగ్గురు భర్తల పిల్లలూ ఒకే పేజీలో కలుస్తారు. వర్తకుల ఆస్తి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేది ఎక్కువగా ఈమె చేతి మీదుగానే. లండన్ ఆచారం ప్రకారం పౌరుడి చరాస్తిలో మూడో వంతు భార్యది, మూడో వంతు పిల్లలది. పిల్లలు లేకపోతే ఆమె వాటా సగం.

గ్రెషమ్ ఇంట్లో జరిగిందే చూడండి. ఆన్ ఫెర్న్‌లీ ముందు విలియం రీడ్ అనే వర్తకుడి భార్య. అతను పోయాక 1544లో గ్రెషమ్‌ను చేసుకుంది. గ్రెషమ్ తన వీలునామాలో రాయల్ ఎక్స్ఛేంజ్ రాబడిని ఆమె బతికున్నన్నాళ్లూ ఆమెకే రాశాడు. ఆ తర్వాత సగం లండన్ నగరానికి, సగం మెర్సర్ల (పట్టు, బట్టల వర్తకుల) సంఘానికి. ఆ డబ్బుతో ఏడుగురు ఉపన్యాసకులు, ఒక్కొక్కరికి ఏడాదికి 50 పౌండ్లు. ఆమె 1596లో పోయింది, ఉపన్యాసాలు 1597లో మొదలయ్యాయి. గ్రెషమ్‌కున్న ఓస్టర్లీ ఎస్టేట్ ఆమె తర్వాత ఆమె మొదటి భర్త కొడుకు విలియం రీడ్ చేతికి వచ్చింది. గ్రెషమ్ పేరు మీదే వెతికేవాడికి ఓస్టర్లీ 1596లో మాయమైనట్టు ఉంటుంది.

ఈ రెండూ కాక చూడదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి. ఛాన్సరీ కోర్టు దావా కాగితాల్లో కట్నం మొత్తం, ఎప్పుడిస్తామన్నారు, ఎందుకు ఎగ్గొట్టారు అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. కానీ రెండు వైపులవాళ్లూ తమకు అనుకూలంగానే చెబుతారు. పేర్లు ముందే తెలిసినవాళ్లకే అవి పనికొస్తాయి. కుటుంబ చిహ్నాల లెక్క చూసే రాజోద్యోగులు హెరాల్డ్‌లు 1530 నుంచి 1688 దాకా ఊరూరా తిరిగి రాసుకున్న వంశవృక్షాలు భార్య పుట్టింటి పేరు కోసం తిరగేయొచ్చు. రాజు దగ్గర నేరుగా భూమి పట్టుకున్నవాళ్లు పోయినప్పుడు జరిపే విచారణలు భూమి బాగా కూడబెట్టిన వర్తకులకే పనికొస్తాయి. 1660 తర్వాత అవీ లేవు.