గండికోటలో దారి లేని గట్టు నడక: ఆరు వందలు ఇచ్చినందుకు బాధ లేదు

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కాబట్టి గండికోటకు ఇదివరకు మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ రంగనాథస్వామి గుడి దాటి, జనం నిలబడే బండల మీద నిలబడి, పెన్నను చూసి వచ్చేశాను. నాలుగోసారి, మొన్న ఫిబ్రవరి చివర్లో, నేనూ మా అక్కా ఊళ్లో గొర్రెలు కాసే ఒక యువకుణ్ణి దారి చూపడానికి ఆరు వందలకు మాట్లాడుకుని లోయ అంచు వెంట నడిచాం. అటు కాలిబాట లేదు. గొర్రెల అడుగులు కూడా కొంతదూరమే కనిపించాయి.

ముందు లోపం చెబుతాను. ఆరింటికి వస్తానన్నవాడు ఏడు దాటాక వచ్చాడు. మా సీమలో ఆ నెలలో అది చిన్న ఆలస్యం కాదు. తిరిగి వచ్చేటప్పటికి బండ మీద చెయ్యి ఆనించలేకపోయాం. నీళ్లు కూడా అతను తేలేదు. మనిషికి రెండు లీటర్లు మేమే మోశాం, అవి సరిపోలేదు.

నడక మొదలయ్యాక మాత్రం అతనిలో వంక పెట్టడానికేమీ లేదు. ఇక్కడి ఎర్రరాయికి భూగర్భ శాస్త్రంలో గండికోట క్వార్ట్జైట్ అనే పేరు. అది దాదాపు అడ్డంగా పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది, నిలువునా పగుళ్లుంటాయి. ఆ పగుళ్ల వెంటే రాయి విడిపోతుంది కాబట్టి లోయ గోడ ఇటుకలు పేర్చినట్టు నిటారుగా నిలిచింది. దూరం నుంచి ఎంతో అందం. గట్టు మీద నడిచేవాళ్లకు అవే పగుళ్లు ఎండుగడ్డి కింద దాక్కుని ఉంటాయి, మోకాలి దాకా కాలు దిగిపోయేంత వెడల్పుగా. అతను ప్రతి అడుగుకూ ముందు కర్రతో తట్టాడు. "అమ్మా, ఆ రాయి మీద కాలు పెట్టకండి, కదులుతుంది" అన్నాడు. నేను చేత్తో నొక్కి చూశాను. నిజంగానే ఊగింది.

ముప్పావుగంట తర్వాత అతను ఆపిన చోటును నేను మరచిపోలేను. అక్కడ వెనక్కి తిరిగితే కోటగోడ, ముందు లోయ, రెండూ ఒకే చూపులో అందుతాయి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన పెన్న, దిగువన మైలవరం జలాశయం ఉన్నందువల్ల, అడుగున కదలకుండా పచ్చగా నిలిచి ఉంది. కోటకు ఆ వైపు కందకం ఎందుకు అక్కరలేకపోయిందో నాకు అప్పుడే తెలిసింది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చింది ఈ కోటకే. గండి పక్కన కోట కనుక గండికోట అని చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలబడటం అక్కడే చూశాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకొక బండ ముందుకు వెళ్తామని నేను అడిగాను. అతను ఒప్పుకోలేదు. అంచుకు అయిదడుగుల ఇవతలే కూర్చోబెట్టాడు. అక్కడ కమ్మీలు లేవు, పట్టుకోవడానికి చెట్టు కూడా లేదు. అందుకే ఆ మాట ఒక్కదానికే ఆరు వందలు చెల్లుతాయంటాను.

పిల్లల్ని తీసుకెళ్లకండి. పట్టున్న బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. రేగుముళ్లు నా మోచేతిని బాగానే గీరాయి. వర్షం పడిన మర్నాడు అసలే వద్దు. మేము నవంబరులో మళ్లీ వెళ్తాం, అతనితోనే. ఈసారి ముందురోజు సాయంత్రమే ఊరు చేరి, అయిదున్నరకు అతని ఇంటి ముందే ఉంటాం.