మడమ నొప్పికి ఏది మేలు: సీసాలోని పెప్టైడా, గ్యాలరీ మెట్టా?

అనంతపురం నీలం సంజీవరెడ్డి స్టేడియంలో పొద్దున్నే నడుస్తుంటాను. నేను జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్తానని ఎవరు చెప్పారో గానీ, పరుగు సాధన చేసే కుర్రాడొకడు ఫోను చూపించి అడిగాడు: "సార్, బీపీసీ-157 మంచిదా, టీబీ-500 మంచిదా?" రెండూ గాయాలు త్వరగా మానుస్తాయంటూ సీసాల్లో అమ్మే పెప్టైడ్లు. కుర్రాడికి ఆరు నెలలుగా మడమ వెనుక నొప్పట. నరం పట్టేసిందని ఇంట్లో అంటున్నారు. అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం.

పెప్టైడ్ అంటే ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమినో ఆమ్లాల చిన్న గొలుసు. బీపీసీ-157 అలాంటి 15 అమినో ఆమ్లాల కృత్రిమ గొలుసు. దీని మీద ప్రయోగాలు చాలావరకు క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో ఒకే బృందం చేసినవి. ఎలుక మడమ బంధనాన్ని కోసి ఈ పెప్టైడ్ ఇస్తే త్వరగా అతుక్కుందని వాళ్లు చూపించారు. కొత్త రక్తనాళాలు పుట్టడం అందుకు ఒక కారణం కావచ్చు. కాదనను. కానీ ఆ ఎలుకది బ్లేడుతో కోసిన ఆరోగ్యమైన బంధనం. మన కుర్రాడిది ఏళ్ల తరబడి పరిగెత్తి, బావి చేదతాడులా పీచులు రేగినది. కోత మానడం వేరు, అరుగుదల తీరడం వేరు. మనుషుల మీద జరిగిన పరీక్షలు ఒకటి అరా, అవీ చిన్నవే.

ఇక టీబీ-500 సంగతి. పనిచేసే తీరు తెలియడమే గీటురాయి అయితే నా ఓటు థైమోసిన్ బీటా-4కు. 43 అమినో ఆమ్లాల ఈ సహజ పెప్టైడ్ కణంలోని ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, కణాలు గాయం వైపు కదలడానికి తోడ్పడుతుంది. టీబీ-500 దీనికి మరో పేరని అమ్మేవాళ్లు చెప్తారు. డోపింగ్ పరీక్షకులు ఆ పేరుతో గుర్తించింది అందులోని 7 అమినో ఆమ్లాల ముక్కను మాత్రమే. పెళ్లికొడుకును చూపించి అతని చెప్పులు పంపినట్టుంది వ్యవహారం! పైగా సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుంది.

బీపీసీ-157, టీబీ-500 రెండూ క్రీడాకారులకు నిషిద్ధమే. థైమోసిన్ బీటా-4 వాడారన్న కేసులో 2016లో ఆస్ట్రేలియాలోని ఎసెండన్ ఫుట్‌బాల్ జట్టుకు 2012లో ఆడిన 34 మందిపై వేటు పడింది.

మూడోదాన్ని కుర్రాడు అడగలేదు, నేనే చెప్పాను. 1998లో స్వీడన్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం, ఇలాంటి నొప్పే ఉన్న 15 మంది చేత 12 వారాలు వ్యాయామం చేయించింది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న మడమను మెల్లగా కిందికి దించాలి. పైకి లేవడానికి మంచి కాలును వాడాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి మరో మూడుసార్లు, రోజుకు రెండు పూటలు. ఆ 15 మందీ మళ్లీ పరిగెత్తారు. తర్వాతి పరీక్షల్లో అందరికీ అంత ఫలితం రాలేదు, నిజమే. అయినా ఇది మనుషుల మడమల మీద తేలిన లెక్క.

ముందు ఎముకల డాక్టరుకు చూపించమని చెప్పి, గ్యాలరీ మెట్ల వైపు చెయ్యి చూపాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "రోజుకు 180 సార్లా సార్?" అన్నాడు. ఫోను మాత్రం ఇంకా జేబులో పెట్టలేదు.