జెమ్‌లోనే కొనాలా, బయట కొననివ్వాలా: ప్రయోగశాలలకు ఏది మేలు?

ప్రభుత్వ కార్యాలయాలు తమకు కావలసినవి కొనే ఆన్‌లైన్ పోర్టల్ పేరు జెమ్ (గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్). ప్రభుత్వ ప్రయోగశాలలూ అన్నీ అక్కడే కొనాలా అన్నదే ప్రశ్న. కుర్చీ కొనడం వేరు, ఎంజైము కొనడం వేరు. కుర్చీకి ఎత్తు, వెడల్పు, చేతులున్నాయా లేవా రాస్తే చాలు. ఎవరు తక్కువకిస్తే వారి దగ్గర తీసుకోవచ్చు. ఎంజైముకు ఆ లెక్క పనికిరాదు. మూడేళ్లుగా ఒక కంపెనీ సరుకుతో ప్రయోగాలు చేస్తుంటే మధ్యలో మరొకరిది వచ్చిందనుకోండి. ఫలితం మారింది ఊహ తప్పినందుకా, సీసా మారినందుకా అని తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. పైగా మైనస్ 20 డిగ్రీల్లో రావలసినది ఐసు కరిగి, తడిసిన అట్టపెట్టెలో వస్తే ఎంత చవకైతే మాత్రం ఏం లాభం?

అలాగని జెమ్‌ను తీసిపారేయలేం. 2016లో ఈ పోర్టల్ మొదలైంది. అక్కడ దొరికేవి అక్కడే కొనాలని 2017 సాధారణ ఆర్థిక నియమాలు కేంద్ర శాఖలకు చెప్పాయి. ధర అందరికీ కనిపిస్తుంది, ‘మనవాడి దుకాణం’ బెడద తగ్గుతుంది. కంప్యూటర్లకు, ఏసీలకు ఇంతకన్నా మంచి దారి నాకు తోచదు. పరిశోధన పేరు చెప్పి ప్రింటరు కాగితానికీ మినహాయింపు అడిగితే అది గొంతెమ్మ కోరికే.

జెమ్‌ను పూర్తిగా వదిలేస్తే పని చకచకా సాగుతుంది, నిజమే. బేరమాడే బలం మాత్రం పోతుంది. ఒక్క సంస్థ పది కంప్యూటర్లకు రాబట్టే ధర, వందల కార్యాలయాలు కలిసి రాబట్టే ధర ఒకటి కావు.

2025 జూన్‌లో కేంద్రం మధ్యేమార్గం పట్టింది. పరిశోధనకు కావలసిన పరికరాలు, వినియోగ సామగ్రి వరకు జెమ్ బయట కొనే అధికారం సంస్థల డైరెక్టర్లకు, వైస్ చాన్సలర్లకు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు, సంస్థలోని కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితిని 10 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. 200 కోట్ల రూపాయల వరకు గ్లోబల్ టెండర్లకు (విదేశీ కంపెనీలూ పాల్గొనే టెండర్లకు) అనుమతినిచ్చే అధికారమూ వారిదే.

నా ఓటు దీనికే. మినహాయింపు సంస్థను చూసి కాదు, వస్తువును చూసి ఇవ్వాలి. భయమల్లా ఆ 2 లక్షల గీత దగ్గరే: 5 లక్షల ఇండెంటును (కొనుగోలు కోరే పత్రాన్ని) మూడు ముక్కలు చేయడం ఎవరికైనా తెలిసిన విద్యే. అందుకే ఆడిట్‌కు వచ్చేవారు ముందుగా వెతకవలసింది ఒకే వారంలో, ఒకే సరఫరాదారు నుంచి, గీతకు కాస్త కిందగా వచ్చిన బిల్లులను.