చెంగ్ ఫన్ తినాలా, బాన్ కువోన్ తినాలా?

మొదటిది చైనా వంటకం, రెండోది వియత్నాంది. రెండూ బియ్యప్పిండి జారుతో చేసే చుట్టలే, రెండూ ఆవిరి మీద ఉడికే పొద్దుటి టిఫిన్లే. నోట్లో పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

హాంకాంగ్, గ్వాంగ్‌జౌల చెంగ్ ఫన్ జారులో స్టార్చ్ కూడా కలుపుతారు. అందుకే నున్నగా, కాస్త సాగుతూ ఉంటుంది. లోపల రొయ్యలు, పైన తియ్యటి సోయా సాస్.

హనోయ్‌లో బాన్ కువోన్ చేసే చేతిని మాత్రం చూసి తీరాలి. మరిగే కుండ మూతికి బిగించిన గుడ్డ మీద గరిటెడు జారు దోసెలా పలచగా తిప్పి మూతపెడతారు. ఉడికిన పొరని సన్నటి వెదురు పుల్లతో చిరగకుండా లేపుతారు. ఎంత ఓపిక! పంది కీమా, పుట్టగొడుగులు పెట్టి చుట్టి, వేయించిన చిన్న ఉల్లిపాయలు చల్లుతారు. నంజుకోవడానికి చేప సాస్‌తో చేసిన పుల్లటి, తియ్యటి నీళ్లు.

పొద్దున్నే కడుపు తేలిగ్గా ఉండాలంటే నా ఓటు బాన్ కువోన్‌కే. పిల్లలకైతే చెంగ్ ఫన్.