పికాసో ఫొటోల్లో ఏది చూసి నేర్చుకోవాలి?

పోర్ట్రెయిట్లు (మనుషుల ముఖాల ఫొటోలు) తియ్యడం నేర్చుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చిత్రకారుడు పికాసోను తీసిన ఫొటోలు ఇన్ని ఉన్నాయి కదా, ఏది ముందు పెట్టుకుని సాధన చెయ్యాలి? చివరికి మూడు మిగులుతాయి: 1949లో జ్యోన్ మిలీ తీసిన వెలుగు గీతలు, 1952లో రాబర్ట్ డ్వానో తీసిన రొట్టెల ఫొటో, 1957లో ఇర్వింగ్ పెన్ తీసిన ఒంటి కన్ను ముఖం.

మిలీది చూడగానే చేతులు దురదపెడతాయి. చీకటి గది, తెరిచి ఉంచిన షట్టర్. పికాసో చిన్న టార్చితో గాల్లో గుర్రపు ఒంటి మనిషిని గీశాడు, ఫ్లాష్ వెలిగి అతనూ ఫిల్ము మీద పడ్డాడు. ట్రైపాడ్, బల్బ్ మోడ్ (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే అమరిక), ఐఎస్ఓ 100 (వెలుగుకి తక్కువ స్పందన), ఎఫ్8 (లెన్సు రంధ్రం కాస్త చిన్నగా), ఒక్క ఫ్లాష్ ఉంటే ఇంట్లోనే చెయ్యొచ్చు. టార్చి లెన్సు వైపే చూడాలి, మణికట్టు తిరిగితే గీత తెగుతుంది. తెల్ల చొక్కా మీద గీతలు కలిసిపోతాయి. అక్షరాలు రాస్తే అద్దంలోలా తిరగబడతాయి. కానీ ఇందులో ముందు కనపడేది గీత, ముఖం ఆ తర్వాతే.

డ్వానో ఫొటోలో చారల బనియన్‌తో పికాసో బల్ల ముందు కూర్చున్నాడు. చేతులుండాల్సిన చోట నాలుగు వేళ్ల రొట్టెలు! అవి ఒక్క అంగుళం పక్కకి జరిగినా ఉత్త రొట్టెలే. ఎంతో అందమైన ఊహ. కాకపోతే అతని బొమ్మల్లోని చేతులు తెలిసినవాళ్లకే పూర్తిగా అందుతుంది.

పేరు తీసేసినా ఫొటో నిలబడాలి. నా లెక్కలో తేల్చేది అదే, అందుకే నా ఓటు పెన్‌కి. కాన్ నగరంలోని పికాసో ఇంట్లో తీసిన ఈ ఫొటోలో పైన టోపీ అంచు, కింద బట్ట, సగం ముఖం నీడలో. మిగిలింది ఒక్క కన్ను, దాదాపు ఫ్రేము నడిమధ్యలో. ఎవరో తెలియని మనిషీ ఆ చూపు దగ్గర ఆగుతాడు.

దీనికి ఒక్క కిటికీ చాలు. మిగతావి మూసి, ట్యూబ్‌లైట్ ఆర్పి, మనిషిని కిటికీకి మూడడుగుల దూరంలో పక్కగా కూర్చోబెట్టండి. మన ఇళ్లలో చెడేది ఇక్కడే: తెల్ల గోడ వెలుగును తిప్పికొట్టి నీడ చెంపను బూడిదరంగు చేస్తుంది. ఆ వైపు రెండడుగుల దూరంలో నల్ల దుప్పటి పట్టించండి. 85 ఎంఎం లెన్సుకి ఎఫ్4 మేలు, ఎఫ్1.4 పెడితే (రంధ్రం బాగా తెరిస్తే) కన్ను పదునుగా వచ్చి టోపీ అంచు కరిగిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుగు పట్టాలో) వెలుగు పడిన చెంపకి కొలవండి. ఆటోకి వదిలితే అంత నలుపు చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, చెంప సున్నం కొట్టినట్టవుతుంది. ఫోనైతే హెచ్‌డీఆర్ (నీడల్ని వెలిగించే అమరిక) ఆపి, కంటి మీద వేలు నొక్కిపట్టి, వెలుగు కాస్త తగ్గించండి. కంట్లో మెరుపు చుక్క రాకపోతే గడ్డం కొంచెం కిటికీ వైపు తిప్పించండి.

ఈ మూడూ కాక ఇంకో రెండున్నాయి. ఫొటోగ్రాఫర్ బ్రసాయ్ 1939లో తీసిన, పొయ్యి పక్కన పికాసో ఉన్న ఫొటో, మనిషినీ గదినీ కలిపి చూపించాలనుకునేవాళ్లకి. ఆర్నాల్డ్ న్యూమన్ 1954 ఫొటో క్రాపింగ్ పాఠం: పెద్ద నెగెటివ్‌ని బాగా కోసి, ముఖమూ నుదుటి మీది చెయ్యీ మాత్రమే ఉంచాడు. మీ ఫ్రేము వదులుగా అనిపిస్తే దాన్ని పక్కన పెట్టుకుని కొయ్యండి.